ఆర్డిస్ చెప్పనన్న పేరు

మా సరస్సు మీద ప్రభుత్వ ఫెర్రీ పడవ నడిపే ఆర్డిస్ హాగెన్ ఒకపట్టాన లొంగే రకం కాదు. ఏ ఏటి ఖర్చూ ఆ ఏటి రాబడిని మించకూడదని మా రాష్ట్రానికి సొంతంగా ఉన్న రాజ్యాంగంలో రాయాలన్నప్పుడు మా ఊళ్ళో ముందు నిలబడింది ఆమే. అంతకుముందు ప్రభుత్వ పెద్దలు అప్పు చేసి గుర్రప్పందేల మైదానం కట్టారు. అది మూతపడ్డాక కూడా వడ్డీ మేమే కట్టాం. తినేది వీళ్ళు, తీర్చేది ఇంకా పుట్టని పిల్లలా అని ఆమె అడిగింది. నిబంధన నెగ్గింది.

ఈ ఏడు గోధుమ ధర పడింది, చమురు ధర పడింది, పన్నులు రాలేదు. నిబంధన ప్రకారం ఖర్చులకు కోతలు పెట్టారు, వాటిలో ఫెర్రీ కూడా ఉంది. అది ఆగితే అవతలి ఒడ్డువాళ్ళు ఆసుపత్రికి సరస్సంతా చుట్టి రావాలి.

కాఫీ హోటల్ నడిపే మెర్ల్ ఊరుకోలేదు. “నువ్వు పేనిన తాడేగా, ఆర్డిస్.”

“తాడు మంచిదే. ఇంతలా బిగించమని నేను చెప్పలా.”

ఆ కోతల మీద రాజధానిలో జరిగే విచారణకు ఆర్డిస్ వెళ్ళింది. అక్కడొక పద్ధతి ఉంది: ఒక కోత వద్దనేవాళ్ళు బదులుగా ఇంకో కోత చూపించాలి. విచారణ అధ్యక్షుడు మర్యాదగానే, బధిరుల పాఠశాల హాస్టల్ పేరు చెప్పొచ్చని గుర్తుచేశాడు. అందులో తన బిడ్డ ఉందని, దాన్ని ఆపొద్దని చెప్పడానికి వచ్చిన వెర్నా స్ట్రూబ్ అనే తల్లి ముందు వరుసలోనే కూర్చుని ఉంది.

“చెప్పను,” అంది ఆర్డిస్.

“చెప్పకపోతే మీ మాట లెక్కలోకి రాదు, మేడమ్.”

“రాకపోతే పోనీండి. అప్పు చెయ్యొద్దన్నాను గానీ పక్కవాళ్ళ కంచం లాక్కోమన్నానా?”

తర్వాత వంతు వెర్నాది. తలెత్తకుండా, ఫెర్రీ ఆపమంది.

హాస్టల్ నిలిచింది. ఫెర్రీ ఆగింది. హోటల్లో ఎవరో వెర్నాని తిట్టబోతే ఆర్డిస్ కాఫీ వదిలేసి లేచి అడ్డుకుంది. అసలా నిబంధనే పీకేద్దామన్నాడు మెర్ల్. దానికీ ఒప్పుకోలేదు. పీకేస్తే ఇంకో మైదానం కడతారంది. చెడ్డ ఏడాదిలో మాత్రం అప్పు తెచ్చుకోవచ్చు, మూడేళ్ళలో తీర్చాలి అని ఒక సవరణ రాయించి, దాన్ని ఓటుకు పెట్టించడానికి కావలసిన జనం సంతకాల కోసం ముందుగా వెర్నా ఇంటికే వెళ్ళింది.

“మీ ఫెర్రీని చూపించింది నేనేనండీ,” అంది వెర్నా, తలుపు సగమే తీసి.

“తెలుసు. నీ బిడ్డ కోసం చెప్పావు. మన పీకలు మనచేతే నొక్కిస్తున్నారు, నేను దానికి ఒప్పుకోను. సంతకం పెట్టు.”

చదవకుండా పెట్టనంది వెర్నా.

“చదువు. నేనెక్కడికీ పోను,” అని ఆర్డిస్ గుమ్మంలోనే కూర్చుంది.