కోటేరు ముక్కులో ఇరుకు దారి

కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో నన్ను విజయవాడలోని ఒక ప్రభుత్వాసుపత్రికి చెవి, ముక్కు, గొంతు విభాగం ప్రొఫెసర్‌గా వేశారు. రిటైరయ్యే ముందు నా ఆఖరి పోస్టింగు అది. ఓపీలో రోగిని మొదట పీజీ డాక్టర్లు చూస్తారు, తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది తేలనప్పుడు కేసు నా దగ్గరికి వస్తుంది. శ్రావణి అలాగే వచ్చింది.

మైలవరం వైపు నేత కుటుంబం పిల్ల. బెంజ్ సర్కిల్ దగ్గర చీరల షాపులో పనిచేస్తూ కానిస్టేబుల్ ఉద్యోగానికి, అందులోని పరుగు పరీక్షకు తయారవుతోంది. సన్నటి పొడవాటి ముఖం, కోటేరు ముక్కు. వెంట తల్లి రమణమ్మ ఉంది.

"నిద్రలో కూడా నోటితోనే పీలుస్తానండి. పొద్దున్నే లేచేసరికి గొంతు ఎండిపోయుంటది. ఇంక పరుగుకి ఓపిక ఎక్కడిదండీ?" అంది శ్రావణి.

ఆమె చెంపను వేలితో పక్కకు లాగి గాలి పీల్చమన్నాను. ఊపిరి హాయిగా ఆడింది. వేలు తీయగానే మళ్ళీ బిగిసింది. ముక్కుపుటం దాటగానే లోపల, పక్క గోడ రెండు రంధ్రాల నడిమి గోడను కలిసే చోటే గాలికి అన్నిటికన్నా ఇరుకైన దారి. ముక్కు ఎత్తుగా, సన్నగా ఉన్నవాళ్ళలో కొందరికి గట్టిగా పీల్చినప్పుడు ఆ గోడ లోపలికి కుంగుతుంది. పైగా శ్రావణి అంగిలి గోపురంలా పైకి లేచి, ఇరుగ్గా ఉంది. నోటికి అంగిలి పైకప్పయితే ముక్కుకు అదే నేల. అది ఇరుకైతే పైనున్న దారీ ఇరుకే.

ఆపరేషన్ చేసి, నడిమి గోడలోని మృదులాస్థి నుంచి సన్నటి పలకలు తీసి, ముక్కు దూలానికి రెండు పక్కలా లోపల అమర్చాలి. దారి తెరుచుకుంటుంది. దానితో దూలం కొంచెం వెడల్పవుతుంది. ఆ సంగతి దాచకుండా చెప్పాను. పరుగు నెగ్గిస్తానని మాత్రం చెప్పలేదు.

రమణమ్మ ఒప్పుకోలేదు. "దాని ముఖానికి ఆ ముక్కే అందమండీ. మందులేవైనా రాయండి, చాలు."

మందులు అప్పటికే వాడి చూశారు. గోడ కుంగడాన్ని అవి ఆపలేవు.

"అందం చూసేవాళ్ళకమ్మా. ఊపిరి నాది" అంది శ్రావణి. గొంతు పెంచలేదు. ఈసారి సెలక్షన్లు వదులుకుని వచ్చేసారి పరిగెడతానని, ఆపరేషన్‌కు తేదీ ఇమ్మని నన్నడిగింది. ఆమె మేజర్. అంగీకార పత్రం మీద ఆమె సంతకం చాలు. అయినా తల్లిని మరోసారి పిలిపించి మాట్లాడాను. ఆపరేషన్ రోజున ఆమె వచ్చి వార్డు బయట కూర్చుంది.

వాపు పూర్తిగా దిగడానికి నెలలు పట్టింది. నోరు మూసుకుని పడుకోగలుగుతున్నానని శ్రావణి చెప్పింది. తర్వాతి సెలక్షన్లలో పరుగూ, రాతపరీక్షా రెండూ గట్టెక్కింది. ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో డ్యూటీ చేస్తోంది. రమణమ్మకు మాత్రం కూతురి కొత్త ముక్కు నచ్చలేదు. ఆ మాట నా ముఖానే అంది.

ముఖం తీరు చూసి లోపలి దారిని ఊహించవచ్చు గాని, పరీక్షించకుండా నిర్ధారించకూడదు. దారి మార్చడానికి ముఖం మారక తప్పనప్పుడు, ఎంత మారుతుందో ముందే చెప్పాలి. ఆ మార్పు సమ్మతమో కాదో తేల్చవలసింది ఆ ముక్కుతో ఊపిరి తీసే మనిషే.