వదిలెయ్యమన్న యూఫ్రటీస్ పాఠం

2013 సెప్టెంబరులో నన్ను ఎడిసన్ అనే ఊరి దగ్గర ఒక పబ్లిక్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి వరల్డ్ హిస్టరీకి వేశారు. ఏ వారం ఏ పాఠం చెప్పాలో స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ముందే రాసిచ్చేస్తారు, దాన్ని పేసింగ్ గైడ్ అంటాం. టీచరు పైన డిపార్ట్‌మెంట్ సూపర్‌వైజర్, ఆవిడ పైన ప్రిన్సిపాల్. గైడ్ ప్రకారం అక్టోబరులో నేను చెప్పాల్సింది ఉమయ్యద్ వంశం.

ఈ పాఠమంటే నాకు మహా ఇష్టం. ఏడో శతాబ్దంలో డమాస్కస్‌లో గద్దెనెక్కిన కుటుంబం, వందేళ్ళు తిరక్కుండానే ఇటు సింధు దాకా, అటు స్పెయిన్ దాకా పాకింది. పిల్లలు మ్యాపులో రంగు వేసుకుంటూ పోతూ “ఇంకా ఉందా?” అని గోల పెట్టేవారు. ఆ తర్వాత అబ్బాసీలనే ఇంకో వంశం వాళ్ళు తిరగబడి ఆ కుటుంబాన్ని దాదాపు తుడిచిపెట్టారు. అందులో మిగిలిన అబ్దుల్ రహ్మాన్ అనే యువరాజు చిన్నతమ్ముణ్ణి తీసుకుని పారిపోతూ యూఫ్రటీస్ నదిలో దూకాడు. ఒడ్డుకొచ్చిన సైనికులు, వెనక్కి రండి, ఏమీ చెయ్యం అని కేకేశారు. అన్న వద్దని పిలుస్తున్నా తమ్ముడు ఆ మాట నమ్మి వెనక్కి ఈదాడు. చంపేశారు. అన్న అవతలి ఒడ్డు చేరి, కొన్నేళ్ళు దేశాలు పట్టి తిరిగి, చివరికి స్పెయిన్‌లో అదే వంశాన్ని మళ్ళీ నిలబెట్టాడు.

ఆ ఏడు నా మూడో పీరియడ్‌లో మేఘన అని మన తెలుగుపిల్ల ఉండేది. ఆ వేసవిలోనే పెన్సిల్వేనియాలో ఒక లేక్‌లో ఈతకు దిగినప్పుడు వాళ్ళ తమ్ముడు కార్తీక్ మునిగిపోయాడు. పక్కనే ఈదుతున్న మేఘన ఒడ్డుకు చేరింది. పిల్లల మంచిచెడ్డలు చూసే గైడెన్స్ కౌన్సెలర్ మా అందరికీ ఈమెయిల్ పెట్టింది, ఆ అమ్మాయి దగ్గర ఆ విషయం ఎత్తొద్దని. మనవాళ్ళకైతే ఈమెయిల్ కూడా అక్కర్లేదు. మన కొట్లన్నీ ఉండే ఓక్‌ట్రీ రోడ్‌లో షాపింగ్‌కి వెళ్తే, మేఘనను చూడగానే తెలిసినవాళ్ళంతా మాట మార్చేసేవారట. ఇంట్లో కూడా వాడి పేరెత్తడం మానేశారని వాళ్ళమ్మ సుధ తర్వాత నాతో అంది.

ఈ పాఠం ఏం చెయ్యమని సూపర్‌వైజర్‌ని అడిగితే, నది సంగతి వదిలేసి నేరుగా అబ్బాసీల రాజధాని బాగ్దాద్‌కి వెళ్ళిపొమ్మంది. మంచి మనిషే, నేను తప్పు పట్టను. కానీ నాకు ఒళ్ళు మండింది. డమాస్కస్‌లో పోయిన వంశం స్పెయిన్‌లో ఎలా లేచిందని పిల్లలు అడిగితే ఏమని చెప్పను, నా తలకాయ! అలాగని పాఠం కోసం ఆ పిల్లని క్లాసులో ఏడిపించే హక్కు నాకెక్కడిది? చివరికి, అడగాల్సింది ఆ పిల్లనే కదా అని తోచింది.

కౌన్సెలర్‌కి చెప్పి, స్కూలయ్యాక మేఘనని నా రూముకి పిలిచాను. దాపరికం లేకుండా కథంతా, తమ్ముడు ఏమయ్యాడో కూడా, ముందే చెప్పేశాను. “సోమవారం ఇది చెప్పాలమ్మా. వద్దంటే మానేస్తాను. ఆ పీరియడ్ నువ్వు లైబ్రరీలో కూర్చుంటానన్నా నాకు సరే” అన్నాను.

క్లాసులో నన్ను మిసెస్ రావు అని పిలిచే పిల్ల ఆ రోజు తెలుగులోకి దిగింది. “స్కిప్ చెయ్యొద్దు ఆంటీ. అందరూ వాడిని స్కిప్ చేస్తున్నారు. అమ్మ కూడా. నువ్వు కూడా చేస్తావా?”

ఇక్కడ పుట్టిన పిల్లలకి “మీరు” అనడం రాదు. అయినా ఆ “నువ్వు” నాకు ఇంట్లోపిల్ల పిలుపులాగే తోచింది. చెయ్యనమ్మా అన్నాను.

సోమవారం చెప్పాను. మేఘన కిటికీ పక్కన తన సీట్లోనే కూర్చుంది. చరిత్ర క్లాసులో ఏ కథ చెప్పినా, ఇది ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు అని పిల్లల్ని అడగడం మా పద్ధతి. దాన్ని సోర్సింగ్ అంటాం. అలవాటు ప్రకారం అడిగాను. సైనికులు చెప్పి ఉంటారన్నాడు ఒక అబ్బాయి.

మేఘన చెయ్యెత్తి లేచి నిలబడింది. నది మధ్యలో అన్న తమ్ముడితో అన్న మాటలు ఒడ్డునున్న వాళ్ళకెలా వినిపిస్తాయి అని ఆ అబ్బాయిని ఇంగ్లీషులో అడిగింది. “తమ్ముడు చచ్చిపోయాడు. ఇక తెలిసింది అన్నకే. ఆయనే చెప్పి ఉంటాడు. అంటే, కింగ్ అయ్యాక కూడా తమ్ముడి గురించి మాట్లాడేవాడు” అంది.

నిజమే, పాత గ్రంథాలు ఆ సంగతిని ఆయన నోటిమాటగానే రాశాయి. అదే చెప్పాను. మేఘన కూర్చోలేదు. “మా తమ్ముడి పేరు కార్తీక్. నేను కూడా పిలిచాను” అంది.

పక్కసీటు పిల్ల, వాడు ఎలా ఉండేవాడు అని మెల్లిగా అడిగింది. దోసెలో కెచప్ వేసుకుని తినేవాడంది మేఘన. పిల్లలు పకపకా నవ్వారు, తనూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను ఆపలేదు. బెల్లు కొట్టేదాకా వాడి కబుర్లే.

ఆ సాయంత్రం సుధ ఫోన్ చేసింది. నాలుగు చీవాట్లు తప్పవనుకుని ఎత్తాను. “మేడమ్, ఇవాళ డిన్నర్ దగ్గర మా ఇంట్లో కార్తీక్ పేరు వినిపించిందండీ” అంది.

రిటైరయ్యేదాకా ఆ పాఠం ప్రతి ఏడూ చెప్పాను. నేను నేర్చుకున్నది ఇంతే. ఒక పిల్లకి బాధ కలుగుతుందని పాఠంలోంచి ఏదైనా తీసేసేముందు ఆ పిల్లనే అడగాలి. వద్దంటే మానాలి, చెప్పమంటే పూర్తిగా చెప్పాలి.