పంచాంగంలో లేని గ్రహణం

నేను బరంపురంలో సైన్సు మాస్టారిగా పనిచేశాను. గోసాని నువాగాంలోని మా ఇంట్లో నాన్న పౌరోహిత్యం చేసేవారు. నా భార్యకు ఎనిమిదో నెల నడుస్తుండగా, ఆ పౌర్ణమికి చంద్రగ్రహణం ఉందని ఒడియా పేపర్లో చదివాను. భూమి అసలు నీడ చంద్రుడి మీద పడదు. దాని చుట్టూ ఉండే పలచని నీడ మాత్రం తగులుతుంది. నాన్న పంచాంగం తిరగేశారు.

"పట్టూ లేదు, విడుపూ లేదు. మనకిది గ్రహణం కాదు. కోడల్ని మామూలుగానే తిరగమను," అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమెను మేడ మీదికి పిలిచాను.

"నాకు బయమేస్తంది. నేను రాను," అంది.

"ఏటీ అవదు. నేనున్నాను కదా, రా."

చంద్రుడి అంచు ఒక పక్క కాస్త మాసినట్టయింది. "ఇంతేనా?" అని నవ్వింది. నా భుజం పట్టుకుని చాలాసేపు చూస్తూ నిలబడింది.

నెల తర్వాత బాబు పుట్టాడు. పై పెదవి చీలి ఉంది. చూసినవాళ్ళందరూ "గ్రహణం మొర్రి" అనే అన్నారు. దానికి మన భాషలో ఉన్న పేరే అది. గుండెలో కూడా లోపం ఉందని డాక్టరు చెప్పాడు. ఆరో రోజున పోయాడు.

పెదవి మూడో నెలకే ఏర్పడిపోతుందని, ఎనిమిదో నెలలో చూసిన చంద్రుడు దాన్నేమీ చెయ్యలేడని బొమ్మలు గీసి మరీ చెప్పాను. శ్రద్ధగా వింది. అంతా విని, "మళ్ళీ ఎప్పుడొస్తాది అది?" అని అడిగింది. ఇదంతా ఒట్టి లెక్కేనని నమ్మించాలన్న ఆత్రంలో చెప్పేశాను. పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజుల ఎనిమిది గంటలకు అదే గ్రహణం తిరిగొస్తుందని.

తర్వాత నేను పిల్లల మాట ఎత్తినప్పుడల్లా "ఒద్దు" అనేది.

పద్దెనిమిదేళ్ళు గడిచాయి. నాన్న పోయారు. ఆ గ్రహణం తిరిగొచ్చిన రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పక్కన ఆమె లేదు. వెనక గదిలో కిటికీ సందుల నిండా గుడ్డలు కుక్కి, నేల మీద వెల్లకిలా, కదలకుండా పడుకుని ఉంది. గ్రహణం వేళ గర్భిణులను పడుకోబెట్టినట్టు. నలభై దాటిన మనిషి.

"ఏటిది?" అన్నాను.

"అప్పుడు సెయ్యలేదు కదండీ."

"ఇప్పుడు చేస్తే వాడొస్తాడా?" నోరు జారాను.

"రాడు. నాకు తెల్సు. మీరెల్లి సూసుకోండి."

నేను మేడ ఎక్కలేదు. ఆ గది గుమ్మం బయటే కూర్చున్నాను. బాగా తెల్లారాక ఆమె తలుపు తీసింది. వచ్చేసారి అది మనకు పట్టపగలు పడుతుందని, అప్పుడు చంద్రుడు మన ఆకాశంలోనే ఉండడని చెప్పాను. ఊరట అనుకున్నాను.

"కనబడకపోతే రానట్టేటండీ?" అని స్నానానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బడిలో గ్రహణాల పాఠం నేను చెప్పలేదు, పక్క సెక్షన్ మాస్టారికి అప్పగించేవాణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాను. మేమిద్దరం సాయంత్రాలు కూరగాయలకు కలిసే వెళతాం. ఆనాడు రమ్మని పిలిచింది మీరే కదా అని ఆమె ఒక్కసారైనా అంటే బాగుండేది. అనలేదు. ఇక అంటుందన్న ఆశ కూడా నాకు లేదు.