పసుపు వెలుగులో నల్ల గీతలు

మొన్న పొద్దున నేనొక తప్పు చేశాను. ధర్మవరంలో చీరల అంగడి నడిపే మా మేనల్లుడు కూతుర్ని వెంటబెట్టుకుని అనంతపురంలోని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్లకు ఎమ్మెస్సీ ఫిజిక్సులో సీటొచ్చింది. చేరడానికి మరుసటిరోజే ఆఖరు. దారిలో నాకొక మాట చెప్పిపోదామని వచ్చారు.

"ఏం జేస్తావు పాపా దాన్ని చదివి? నన్ను చూడు, అంత ఫిజిక్సూ చదివి బ్యాంకులో తేలినా. బీఈడీ చెయ్యి, టీచరుద్యోగమన్నా వస్తాది" అన్నాను.

"మామ చెప్పినంక ఇంకేముండాది, పద" అని వాడు కాలేజీకి పోకుండానే పిల్లను తీసుకుని స్టేషన్ దారి పట్టాడు. పిల్ల నాకేసి చూడలేదు.

వాళ్లు పోయాక కాఫీ తాగుతుంటే నాయన గుర్తొచ్చాడు. డెబ్బైల చివర్లో నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పటి మాట. వానల్లేని ఏడు. హాస్టల్లో స్నానానికి ఒక్క బకెట్టే ఇచ్చేవారు, సగం దాచుకుని సాయంత్రం ముఖం కడుక్కునేవాళ్లం. ల్యాబు మాత్రం చల్లగా, చీకటిగా ఉండేది. రెండు గాజు పలకల్ని ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక అంచున వాటి మధ్య సన్నని పోగు ఇరికించి, సోడియం దీపం కింద మైక్రోస్కోపులో చూస్తే పసుపు వెలుగులో నల్ల గీతలు వరసగా కనబడతాయి. వాటిని బట్టి పోగు మందం లెక్కగట్టాలి. తక్కినవాళ్లు తలవెంట్రుక వాడేవారు. నేను ఇంట్లో నాయన నేసే మగ్గం మీది పట్టుపోగు తెచ్చుకునేవాణ్ణి, కొంచెం గొప్పకోసం కూడా.

ఒకరోజు చీరలు ఇచ్చిపోవడానికి ఊళ్లోకొచ్చిన నాయన నన్ను వెతుక్కుంటూ నేరుగా ల్యాబులోకే వచ్చాడు. మా లెక్చరర్ మంచివాడు, కసరకుండా ఆయన్ని స్టూలుమీద కూర్చోబెట్టి చూడమన్నాడు. నాయన ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"చారల చీర మాదిరి ఉండాది. దీన్ని చూస్తే జీతమిస్తారా సామీ?"

"ఇయ్యరు పెద్దాయనా. చూసేదానికి మనమే ఫీజు కట్టాల."

నాయన నవ్వాడు. "చూసుకోనీలే అయితే. మళ్లా ఎప్పుడు చూస్తాడు" అని లేచాడు. ఆ తర్వాత నా ఉద్యోగం గురించి ఆయన ఎప్పుడూ అడగలేదు. మా బ్యాచిలో ఒకడు జూనియర్ లెక్చరరయ్యాడు, ఒకడు వాతావరణ ఆఫీసులో చేరాడు, నాలాంటివాళ్లం బ్యాంకుల్లో సర్దుకున్నాం. చదువుకోని మనిషి నాకు ఇచ్చినదాన్ని, చదువుకున్న నేను ఆ పిల్లకు దక్కకుండా చేశాను.

మధ్యాహ్నం రైలుకు ధర్మవరం పోయాను. అంగట్లో పిల్ల చీరలు మడతపెడుతోంది.

"ఏం మామా, పొద్దున పోవద్దంటివి, ఇప్పుడు పొమ్మంటాండావు?" అన్నాడు మేనల్లుడు.

"పొద్దున తప్పు చెప్పినా. రేపు నేనే తోడు పోయి చేర్పిస్తా. ఉద్యోగం సంగతి అది చదివినంక చూద్దాం."

"నిజంగానా తాతా?" అంది పిల్ల, చేతిలో చీర అట్లాగే పట్టుకుని.

మరుసటిరోజు కాలేజీ వరండాలో దాని పక్కన వరసలో నిలబడ్డాను. నా ఎమ్మెస్సీ రెండేళ్లూ ఎప్పుడో అయిపోయాయనుకునేవాణ్ణి. చూస్తే, మిగతా నలభై ఏళ్లే ఎటు పోయాయో గుర్తులేదు.