ముందు గంజి, తర్వాత అన్నం

పదవీ విరమణకు మూడేళ్ల ముందు నన్ను ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ఆసుపత్రికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. గుండె నిపుణుడు కావాలంటే పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాల్సిందే. రోడ్డున ఇంచుమించు రోజంతా ప్రయాణం. అందుకని గుండెపోటు వచ్చినవారికి రక్తనాళంలోని గడ్డను కరిగించే మందు మేమే డ్రిప్‌లో ఎక్కించి, కుదుటపడ్డాకే పంపేవాళ్లం.

ఒక వర్షాకాలపు ఉదయం నూకరాజు అనే జాలరిని పడవ మీంచి నేరుగా మోసుకొచ్చారు. ఇసీజీ చూశాక సందేహం లేదు, గుండెపోటే. భార్య పైడమ్మను ఒప్పించి మందు మొదలుపెట్టాం. సగం ఎక్కేసరికి మానిటర్ మోత మొదలెట్టింది. గీతలు వెడల్పుగా, వంకరటింకరగా సాగాయి. పైడమ్మ గొల్లుమంది.

"ఆపీయండి డాక్టరు బాబూ! ఈ మందెట్టాకే ఇలగయిపోనాడు. గాడీ మాటాడీసి పోర్ట్‌బ్లెయిర్ అట్టుకెలిపోతాం" అంటూ ట్యూబు పట్టుకుంది. నర్సు "రుకో దీదీ" అని ఆగమంటూ ఆమె చెయ్యి పట్టుకుంది.

నిజం చెప్పొద్దూ, నాకు చిర్రెత్తింది. ఇప్పుడు ఆపితే నాళం మళ్లీ మూసుకుపోవచ్చు, దారిలో మనిషి దక్కడు. నూకరాజును అడిగితే గుండె మీది బరువు దిగిందన్నాడు. బీపీ నిలకడగానే ఉంది. అంటే నాళం తెరుచుకుంది.

ఆక్సిజన్ అందని గుండె కణం, అది లేకుండానే చక్కెరను వాడుకుని కొంతసేపు నెట్టుకొస్తుంది. దాంతో లోపల ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని బయటికి తోసే ప్రయత్నంలో సోడియం, దాని వెనకే కాల్షియం లోపలికి చొరబడతాయి. రక్తం తిరిగి రాగానే ఆ చొరబాటు ఇంకా పెరిగి గుండె లయ తప్పుతుంది. చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

ఇదంతా పైడమ్మకు చెప్పే వ్యవధి ఏది? సముద్రంలో దారితప్పి, రోజుల తరబడి తిండిలేక ఒడ్డుకు చేరినవాడికి ముందేం పెడతావని అడిగాను.

"గంజి. ఒక్కపాలే కూడెడితే కడుపు తిప్పీదా?"

మీ ఆయన గుండెకు ఒక్కసారే కూడు అందింది, అందుకే ఈ గడబిడ అన్నాను. ఆమె నూకరాజు ముఖంలోకి చూసింది. అతను కళ్లు తెరిచే ఉన్నాడు. ట్యూబు వదిలేసింది.

కాసేపటికి గీతలు చక్కబడ్డాయి. మర్నాడు అతన్ని అంబులెన్సులో పంపాం. బతికాడు.

ఆమె నమ్మకపోయి ఉంటే నేను చదివిన కణశాస్త్రమంతా ఆ మంచం పక్కన దండగయ్యేది. అందుకు పైడమ్మకు నేటికీ రుణపడి ఉన్నాను. ప్రాణం నిలిపే మందు మొదట ప్రాణం తీసేదానిలా కనిపించవచ్చు. ఆ మాట ఇంటివాళ్లకు మందు ఎక్కించకముందే చెప్పాలి. ఆవిడ పుణ్యమా అని, ఆ తర్వాత ప్రతి రోగి ఇంటివాళ్లకూ ముందే చెప్పాను. మళ్లీ ఎవరూ ట్యూబు పట్టుకోలేదు.