కీమోలో అల్లుకున్న తలగుడ్డ

ఆ రోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పక్కన, చంక కింద, శనగగింజంత గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొక్కినా నొప్పి లేదు. నేను కళ్యాణదుర్గంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. చేతిలో పనులు ముగించుకుని మా వీధి చివరి డాక్టరుకు చూపించాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "నొప్పి లేదంటున్నావు కదమ్మా, కొవ్వు గడ్డ. భయపడొద్దు" అని మాత్రలు రాశారు. నమ్మాను. ఆ నమ్మకంలోనే వేరుశనగ పంట ఇళ్లకు చేరింది, ఎండాకాలం వచ్చింది, గింజ నిమ్మకాయంత అయింది.

అప్పుడు నా భర్త ఓబులేసు అనంతపురం తీసుకుపోయాడు. మామోగ్రామ్, ఆ తర్వాత బయాప్సీ. "కార్సినోమా, అంటే క్యాన్సర్. చంకలో గ్రంథులకు కూడా వచ్చింది. ఇన్నాళ్లు ఏం చేశారు?" అని డాక్టరమ్మ నన్నే అడిగారు. జరిగింది చెప్పాను. ఆమె కాగితం మీంచి తల ఎత్తలేదు.

ముందు కీమో, గడ్డ తగ్గాక సర్జరీ, ఆపైన రేడియేషన్ అన్నారు. రెండో కీమోకు ముందే జుట్టు గుత్తులుగా ఊడింది. మిగిలింది ఓబులేసే తన గడ్డం మిషన్‌తో తీసేశాడు. కొంగు కప్పుకుంటే జారిపోయేది. బజార్లో కొన్న ఊలు టోపీ మా ఎండకు తలంతా మంట పెట్టేది.

వార్డులో నా పక్క మంచం మేరమ్మది. గుంతకల్లు ఆమె, భర్త రైల్వే ఉద్యోగి. సెలైన్ ఎక్కుతుండగానే ఒళ్లో దారపు ఉండ పెట్టుకుని క్రోషియా సూదితో అల్లుతుండేది. తలకు కట్టుకున్న నీలం గుడ్డ కూడా తను అల్లుకున్నదే.

"నేర్చుకోను కష్టమా అక్కా?" అని అడిగాను.

"జాకెట్లు కుట్టేదానివి, నీకేం కష్టం శాంతా? ఇంద, గొలుసు వేయి" అని సూది నా చేతిలో పెట్టింది.

చిన్న గొలుసుతో మొదలుపెట్టి, వరుస వరుసకూ రెండు చివర్లా ఒక్కో కుట్టు పెంచుతూ పోతే మూడు మూలల గుడ్డ వస్తుంది. వెడల్పు నుదుటికి సరిపోయాక, కట్టుకునే తాళ్ల కోసం అటూ ఇటూ గొలుసు సాగదీయాలి. అంతే పని. కానీ మందు మార్చాక నా వేళ్ల కొసలు మొద్దుబారాయి. సూది చేతిలో ఉందో జారిందో చూస్తే తప్ప తెలిసేది కాదు. "న్యూరోపతి, మందుకు నరాలు దెబ్బతినడం. కొందరికి పోతుంది, కొందరికి పోదు" అన్నారు వార్డు డాక్టరు. కుట్టుపని చేసుకునేదాన్నని చెప్పాను. "చూద్దాం" అని పక్క మంచం దగ్గరికి పోయారు.

తప్పిన వరుసలు విప్పుతూ మళ్లీ అల్లాను. ఇంతలో కుందుర్పిలో మా మరిది కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. ఆ ఇంటికి కర్టెన్లన్నీ జబ్బు రాకముందు నేనే కుట్టిచ్చాను. అక్కడికి పోవాలనే ముదురు ఎరుపు నూలు దారంతో తలగుడ్డ పూర్తి చేశాను.

గడప దగ్గరే తోడికోడలు రత్నమ్మ ఎదురొచ్చింది. "ఏమనుకోవద్దక్కా. పాలు పొంగిచ్చేటప్పుడు నువ్వు లోపలికి రావద్దు. బోడితల అని ఆడోళ్లంతా గుసగుసలాడతాండారు. ఈడే షామియానాలో కూర్చో, టిఫిను పంపిస్తా."

ఓబులేసు నా పక్కనే ఉన్నాడు. ఏమైనా అంటాడని చూశాను.

"పోనీలే శాంతా, వాళ్లింటి శుభకార్యం" అని చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

టిఫిను ముట్టలేదు. ఒక్కదాన్నే బస్సెక్కాను. క్యాన్సర్ అని తెలిసిన రోజు రాని ఏడుపు ఆ బస్సులో వచ్చింది.

సర్జరీ అయింది, రేడియేషన్ అయింది. ఈలోగా మేరమ్మకు క్యాన్సర్ లివర్‌కు పాకింది. ఆమె చనిపోయిన రోజు నేను రేడియేషన్‌లో ఉండి గుంతకల్లు పోలేకపోయాను. నా స్కాన్ చూసి డాక్టరమ్మ, "ప్రస్తుతానికి ఏమీ లేదు. చెకప్‌లు మానొద్దు" అన్నారు. చంకలో గ్రంథులు తీసేసినందుకు ఎడమ చెయ్యి సాయంత్రానికి వాస్తుంది. హుక్కులు, కాజాలు ఇంకా సరిగ్గా కుట్టలేను. ఓబులేసు ప్రతి కీమోకూ తోడొచ్చాడు, కాదనను. ఆ గడప దగ్గర మాత్రం నాకు తోడు లేడు.

జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. మొన్న రత్నమ్మ కూతురి సీమంతానికి ఫోన్ చేసింది. "జుట్టు వచ్చింది కదక్కా, ఇంకేం. మొదట నువ్వే గాజులు తొడగాల."

"నన్ను పిలుస్తాండావా, నా జుట్టును పిలుస్తాండావా?" అన్నాను.

ఫోన్ పెట్టేసింది. నేను పోలేదు. ఓబులేసు పోయాడు.

కీమో పడుతుందని తెలిసిన వాళ్లకు చెప్పేది ఒకటే. తలగుడ్డ వేళ్లు మొద్దుబారకముందే అల్లేసుకోండి. ఊలు వద్దు, మెత్తటి నూలు దారం తీసుకోండి. తాళ్లు పొడుగ్గా వదిలి, ముడి చెవి పక్కకు వేసుకోండి. మెడ వెనక వేస్తే, సెలైన్ ఎక్కినంతసేపూ పడుకున్న తలకు అది గుచ్చుకుంటూనే ఉంటుంది.