ఫిన్లాండ్ పిల్లకు లోకేశ్వరి చెప్పిన మొక్కు

ఐరాల లోకేశ్వరి తిరుపతిలో నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు బెరుకు. కట్టు కట్టడంలో ఆమె నేర్పు చూసి, ఫిన్లాండ్ విద్యార్థులతో కంప్యూటర్ తెరమీద కలిసి చదువుకునే జట్టుకు ఎంపిక చేశారు. అక్కడ ఆమె ఇంతవరకు నోరు విప్పలేదు.

"ఈరోజు కూడా మాట్లాడకపోతే నీ బదులు మహితను పెడతాను" అని పాఠం చెప్పే నారాయణి మేడం తేల్చి చెప్పారు.

ఆనాటి పాఠానికి రోగి లోకేశ్వరి అవ్వ భారతమ్మే. చక్కెర జబ్బుతో ఆమె కుడికాలికి పుండు పడింది. సొంతూరు ఐరాల నుంచి ఫోనులో కనిపించడానికి ఒప్పుకుంది.

అవ్వ తెరమీదకు రాగానే అటువైపు ఐనో అనే అమ్మాయి గొంతు మెత్తబడింది. "క్యాన్సర్ మందులు ఎప్పుడు ఆపారు?" అంది.

ఇటువైపు అందరూ తెల్లబోయారు. అవ్వకు నున్నటి గుండు. తిరుపతిలో రోజూ గుండ్లు చూసేవాళ్ళకు అది చెప్పాలని తోచనేలేదు.

లోకేశ్వరి గబుక్కున మైకు నొక్కింది. అది జబ్బు కాదనీ, కాలు మానాలని కొండకు వెళ్ళి తలనీలాలు ఇచ్చుకుందనీ తడబడుతూనే ఇంగ్లీషులో చెప్పింది. ఐనో సిగ్గుపడి నవ్వింది. కొండకు ఎలా వెళ్ళారని అడిగింది.

"అవ్వా, బస్సులోనే గదా పోయినావు?"

"బస్సులో పోతే మొక్కెట్లయితాది పాపా? మెట్లెక్కినా, ఉత్తకాళ్ళతో."

"కాలికి పుండు పెట్టుకోని మెట్లెక్కినావా?"

"అది కుడికాలికి గదా! ఎడమకాలు బాగానే ఉండాది."

లోకేశ్వరి ఇది ఇంగ్లీషులో చెప్పగానే ఐనో ఆ ఎడమకాలు చూపించమంది. అరికాల్లో నెత్తురు కారుతున్న పగులు. స్పర్శ తగ్గిన అవ్వకు నొప్పే తెలియలేదు.

ఇక కొండ ఎక్కవద్దని చెప్పమంది ఐనో. "అలా అంటే మాకు చెప్పకుండా ఎక్కుతుంది" అని లోకేశ్వరి అవ్వ వైపు తిరిగింది. "మళ్ళా ఏమైనా మొక్కుకున్నావా?"

"నీకు ఉద్యోగమొస్తే ఎక్కతానని..."

"ఎక్కుదువులే. రెండు కాళ్ళూ మానినాక, నేను సరే అన్నాక. అందాకా చెప్పుల్లేకుండా గడప దాటకూడదు."

"స్వామి అందాకా కాసుకోనుంటాడా?"

"నా చదువయ్యేదాకా ఉద్యోగమెట్లాగూ రాదు గదవ్వా! ఉంటాడు."

అవ్వ పకపకా నవ్వింది. "సరే నర్సమ్మా. మెత్తటి చెప్పులు తెమ్మని మీ నాయనకు చెప్పు."

లోకేశ్వరి ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పింది. ఈసారి తడబడలేదు. "మొక్కు మానొద్దు, కాళ్ళు మానాక నడవాలి" అన్నదాన్ని ఐనో, లోకేశ్వరి కలిసి చికిత్స ప్రణాళికలో మొదటి వరుసలో రాశారు.

"జట్టులో నువ్వే ఉంటున్నావు" అన్నారు మేడం.

ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. "నా మనవరాలు కాకుంటే ఇంకెవురుంటారమ్మా!" అంది ఐరాల నుంచి అవ్వ.